పదిహేడో నంబరు మొలకలు

"ఆ ట్రేలు ఎక్కడికి పట్టుకుపోతున్నావ్?"

విత్తన పరిశోధన కేంద్రం ఆఫీసరమ్మ కేకకు, మొక్కలకు నీళ్లు పోసే తాత గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతుల్లో మొక్కజొన్న మొలకలు.

"రేకుల షెడ్డులోకమ్మా. ఓ గంట వెచ్చబడనిచ్చి మళ్లీ తెచ్చేస్తా."

"ఎన్నాళ్లుగా సాగుతోంది ఈ నిర్వాకం?"

"మూడు రోజులుగా. నలభైలో పది ట్రేలేనమ్మా. నా నడుముకు అంతకన్నా ఓపిక లేదు."

ఆమె తల పట్టుకుంది. అది పదిహేడో నంబరు విత్తనం. ఇప్పటికే రెండుసార్లు వేడి పరీక్షలో మాడిపోయింది. రేపు కూడా మాడితే జాబితాలోంచి కొట్టేస్తారు. మిగిలిన గింజలు కోళ్ల దాణాకు పోతాయి.

ఎవరి విత్తనమో ఆమెకూ తెలియదు. ఇచ్చినవాళ్లు పరీక్ష దరిదాపులకు రాకూడదని రూలు. సంచీ మీద నంబరు తప్ప పేరుండదు.

"చల్లటి గదిలోంచి నేరుగా కొలిమిలోకి తోస్తే ఏదైనా చస్తుందమ్మా. పొలంలో ఎండ అలా రాదు. రోజు రోజుకీ ముదురుతుంది."

"అయితే వచ్చి నా కుర్చీలో నువ్వే కూర్చో తాతా!"

"కుర్చీ వద్దులేమ్మా. ఇంకో నాలుగు రోజులు ఆగండి, చాలు."

చదువుకున్నవాళ్ల కోపం కేకలతో ఆగదు, కాగితం మీదికి ఎక్కుతుంది. సాయంత్రానికల్లా తాత పని పోయింది.

మర్నాడు నలభై ట్రేలూ వేడి గదిలోకి వెళ్లాయి.

నాలుగో రోజుకు ముప్ఫై ట్రేల్లో ఎండుగడ్డి మిగిలింది. పది ట్రేల్లో మాత్రం మొలకలు, తమకేమీ పట్టనట్టు, కొత్త ఆకు తీశాయి.

ఆఫీసరమ్మ వాటిని మళ్లీ లెక్కపెట్టింది. తాత షెడ్డుకు మోసిన పదే.

ఆమెకు తెలియని సంగతేమీ కాదు. గుడ్డు సొన వేడికి గడ్డకట్టినట్టే మొక్కలోని ప్రోటీన్లూ చెడిపోతాయి. ముందుగా కాస్త సెగ తగిలితే మొక్క కాపలా ప్రోటీన్లను తయారుచేసుకుంటుంది. అసలు వేడి వచ్చినప్పుడు అవి మిగతావాటిని చెడకుండా కాచుకుంటాయి.

పరీక్ష పద్ధతి రాసేటప్పుడు, ఆ 'కాస్త సెగ'కు టైము లేదని కొట్టేసింది ఆమే. ఇన్నేళ్లలో ఎన్ని మంచి విత్తనాలు దాణా అయ్యాయో ఆ కోళ్లకే తెలియాలి.

అడ్రసు పట్టుకుని తాత ఇంటికి వెళ్లింది. కోడలు తలుపు తీసింది.

"మామయ్య లేరండీ. పని పోయిందని ఇటుకల బట్టీలో చేరారు. ఆర్నెల్లుగా నీడపట్టున ఉన్న ఒళ్లాయె. మొదటి రోజు మధ్యాహ్నమే పడిపోయారు. ఆస్పత్రికి చేర్చేసరికే..."



"నేను... ఆయన ఇంతకుముందు పనిచేసిన చోటి నుంచి..."

కోడలు చప్పున కళ్లు తుడుచుకుంది.

"విత్తనాల ఆఫీసు నుంచా? పొలం చేయి జారిపోయాక, ఇరవై ఏళ్లు ఏరి ఏరి దాచుకున్న మొక్కజొన్న గింజల్ని మామయ్య మీకే ఇచ్చి, వాటికి నీళ్లు పోసుకోవడానికే అక్కడ కూలీగా చేరారండీ... అవి బతికాయా?"