రెండొందల ఏళ్ళ కాగితం

"ఈ కాగితం వద్దయ్యా! పదేళ్ళకే రంగు మారి పొడిపొడైపోతుంది," అని మా బావ ప్రెస్సు యజమాని మీద విరుచుకుపడ్డాడు.

బావ ఆర్థిక చరిత్ర ప్రొఫెసరు. ఆయన నోరు తెరిస్తే రోమ్ రెండోసారి కూలుతుంది. ఈసారి మన నాగరికత వంతు. పాత సామ్రాజ్యాల్లాగే ఇదీ అప్పుల్లో మునిగి ఇరవై ఏళ్ళలో అంతమైపోతుందని లావుపాటి పుస్తకం రాశాడు. ఆ లెక్క చెప్పే, "ఇలాంటి లోకంలో పిల్లల్ని కంటావా?" అని కూతురి నోరు మూయించాడు.

ఆ పిల్ల ప్రూఫులు పట్టుకుని నా పక్కనే నిలబడింది.

"ఎన్నాళ్ళు నిలవాలండీ మరి?" అన్నాడు యజమాని.

"రెండొందల ఏళ్ళు! రాబోయే తరాలు నన్ను చదవద్దూ?"

"ఇరవై ఏళ్ళకే అందర్నీ చంపేశావుగా బావా! ఎవరు చదువుతారు, చెదపురుగులా?" అన్నాను.

బావ గుడ్లురిమాడు. మేనకోడలు కూడా నవ్వలేదు. ప్రూఫులు బల్ల మీద పెట్టి, పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"మంచి కాగితమే వెయ్యండి," అని యజమానితో చెప్పి, తండ్రి వైపు తిరిగింది. "నీ పాఠకుడికి ఇప్పుడు మూడో నెల నాన్నా."

కూల్చడానికి బావకి ఆ క్షణాన ఒక్క సామ్రాజ్యం కూడా దొరకలేదు.