ఇంకా మూడు వరసలు

"లెయ్యప్పా! మెయిన్ ఆపేస్తాండా!" తలుపు దగ్గరి నుంచే కేకేశాడు వాచ్‌మన్ దావీదురాజు.

కంప్యూటర్ ముందున్న శివకుమార్ ఉలిక్కిపడ్డాడు. "వద్దన్నా! ఇప్పుడు ఆపితే మూణ్ణెల్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే!"

"పోయిన ఆదివారం గూడా ఇదే మాటంటివి."

"ఇంకా మూడు వరసలు ఉండాయన్నా."

దావీదు చర్చికి వేసుకున్న తెల్లచొక్కా సర్దుకుని స్క్రీన్ వైపు వంగాడు. ఎర్రగా కాలిన ఇనుములో పరమాణువులు, మధ్యలో ఒక గీత. పరమాణువులు గీతకు ఇటు ఒక తీరుగా, అటు ఇంకో తీరుగా పేర్చి ఉన్నాయి. ఆ గీత వరస వెంట వరస దాటుకుంటూ అవతలికి చేరాలి. అసలు ఇనుములో అది రెప్పపాటులో కోటోవంతు పని. లెక్కగట్టడానికి మాత్రం కంప్యూటర్‌కు నెలలు పడతాయి.

"దీనికంటే నత్త నయమప్పా!"

"ఒక వరస ముందుకు పోతాది, మళ్లా ఎనక్కొస్తాదన్నా. ఏం చేసేది?"

అదంతా అబద్ధం. గీత బుధవారమే అవతలికి చేరింది. శివ పాత బొమ్మనే మళ్లీ తిప్పుతున్నాడు. పని అయిందంటే ఆదివారాలు ఈ ల్యాబుకు తాళం పడుతుంది. సెలవులకు హాస్టల్ ఖాళీ. సొంతూరు కోసిగి నుంచి అమ్మానాన్నలు మిరపకోతలకు గుంటూరు పోయారు, ఆ ఇంటికీ తాళమే. వారం మొత్తంలో అతన్ని "తింటివా?" అని అడిగే మనిషి దావీదన్న ఒక్కడే. ఆ ఒక్క మాట లేకుండా ఎట్లా బతకాలో శివకు తెలియడం లేదు.

"తింటివా?" అడిగాడు దావీదు.

శివ తల అడ్డంగా ఊపాడు. దావీదు స్టూలు లాక్కుని డబ్బా మూత తీశాడు. జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి. రెండు రొట్టెలు శివ ముందు పెట్టాడు.

"నిదానంగా కానీప్పా నీ లెక్క. ల్యాబు ఎందుకు తెరిచిపెట్టినావని సూపర్‌వైజర్ అడిగితే నేను చెప్పుకుంటాలే."

శివ తుంచిన రొట్టె ముక్కను మళ్లీ కింద పెట్టాడు. తన ఒంటరితనానికి ఈ మనిషి ఉద్యోగం బలి కావాలా?

"అన్నా, లెక్క ఎప్పుడో అయిపోయింది. ఇది పాత బొమ్మ. నువ్వు రావాలని అబద్ధం చెప్పినా. తాళం వేసుకో. నా వల్ల నీ డ్యూటీకి మాట రాగూడదు."

దావీదు కోప్పడలేదు. ఇంకో రొట్టె తీసి అతని ముందు పెట్టాడు.

"ఆదివారం నాకు డ్యూటీనే లేదప్పా."