మానిటర్ వెనక అక్క

"గట్టిగా నొక్కి పట్టుకో అక్కా! తెర మళ్లీ మిణుకుమంటోంది!"

మానిటర్ వెనక గొంతుక్కూర్చున్న అక్క వైరు మొదలును అదిమింది. ఈ ఆన్‌లైన్ ఆట గెలిస్తేనే తమ్ముడికి జట్టులో చోటు. ఎప్పుడూ వైరు దగ్గరే ఉండే ఆమె ఆ మిణుకును ఒక్కసారీ చూడలేదు.

"నొక్కుతూనే ఉన్నానురా, వేళ్లు పడిపోతున్నాయి."

"అయిపోయింది! ఎదుటివాడు కనపడి చస్తేగా!"

దబ్బుమని చప్పుడైంది. అక్క లేచి చూసింది. తమ్ముడు హెడ్‌ఫోన్లు విసిరేసి, అరచేతులతో కళ్లు మూసుకుని ఉన్నాడు.

"మానిటర్లు మార్చి మార్చి చచ్చాం. ఇదీ దరిద్రపుదే! కట్టెయ్, కళ్లు పీకేస్తున్నాయి."

ఆమె ఇందాకటిదాకా నొక్కిన వైరునే ఊడబీకింది. తెర నల్లబడింది.

"కట్టెయ్ అంటే వినపడదా?"

"కట్టేశానురా."

"నాతో పరాచికాలాడకు. ఇంకా మిణుకుమంటూనే ఉంది!"

అక్క అతని వైపు తిరిగింది. అతని అరచేతులు ఇంకా కళ్ల మీదే ఉన్నాయి.

ఆమె ఒక చేతిని లాగి, ఊడిన వైరు కొసను అందులో పెట్టింది.

కళ్లు తెరవకుండానే తడిమి చూశాడు. తర్వాత దాన్ని అక్కలాగే గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

"ఆగట్లేదక్కా" అన్నాడు.