గుర్తు తెలియని స్త్రీ

వీధి వీధికీ పోలీసు కెమెరాలు వచ్చాక జనం ఫొటోలు తీసుకోవడం మానేశారు. అందుకే పైడమ్మ చనిపోయాక ఆమె భర్త సన్యాసిరావు దగ్గర ఒక్క బొమ్మా లేదు. వీధి కెమెరాల్లోని దృశ్యాలు ముప్పై రోజులకు చెరిగిపోతాయి. ఆమె పోయిన ఇరవై తొమ్మిదో రోజున, అవి చెరపొద్దని అడగడానికి అతను పోలీసు స్టేషన్‌కు వెళ్లాడు.

“కేసుంటేనే ఉంచుతారు బాబాయ్,” అంది హెడ్ కానిస్టేబుల్ కనకరత్నం.

“అయితే రాసీ అమ్మా. నా పెళ్లాం ఆఖరి రోజు కూడా పార్కులో నందివర్ధనాలు కోసీసింది. దొంగతనమే కదేటి?”

కనకరత్నం కేసుల పుస్తకం దగ్గరికి లాక్కుంది.

“పేరు రాస్తే, మనిషి పోయిందని కేసు మూసీస్తారు. పోయినోళ్లని మొహాలు పోల్చే మిషను గుర్తుపట్టదు. గుర్తు తెలియని స్త్రీ అని రాస్తాను. సాక్షివని నెలనెలా నిన్ను పిలిచి చూపిస్తాది. తెలుసన్నావంటే ఆ రోజుతో సరి.”

అప్పటినుంచి సన్యాసిరావు ప్రతి నెలా ఉతికిన చొక్కా వేసుకుని వెళ్తున్నాడు. తెర మీద పైడమ్మ కొమ్మ వంచి, పూలు కోసి కొంగులో వేసుకుంటుంది.

“ఈమె మీకు తెలుసా?” అని మిషను అడుగుతుంది.

ఆమె మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూసి, అతను జవాబిస్తాడు.

“తెలీదు బాబూ.”