బయటికి తెరుచుకునే తలుపు

కిర్రుమంటున్న తలుపుకి నూనె వేయబోతున్న వడ్రంగిని రచయిత్రి ఆపింది.

“ఆ చప్పుడు ఉండనీ బాబూ. అది వింటేనే నాకు పాడుబడ్డ బంగళా కళ్ళకు కడుతుంది. సాయంత్రానికల్లా వారపత్రికకి సీరియల్ ఆఖరి భాగం పంపాలి. బంగళా యజమాని గదిలో చచ్చి పడున్నాడు. గడియ లోపల్నుంచి వేసుంది. హంతకుడు ఎలా బయటపడ్డాడో నాకే అంతుపట్టడం లేదు. దెయ్యం మీదికి నెట్టేస్తాను.”

“మా ఆవిడ మీ సీరియల్ ఒక్క వారం కూడా వదలదమ్మా. దెయ్యమంటే ఒప్పుకోదు. ఆ గది తలుపు ఎటు తెరుచుకుంటుంది?”

“ఈ తలుపులాగే, బయటికి.”

“అయితే లోపలికెళ్ళి గడియ వేసుకోండి.”

వేసుకుంది. తలుపుకి బయటివైపునున్న బందుల మీద నాలుగు సుత్తి దెబ్బలు వినిపించాయి. గడియ వేసింది వేసినట్టే ఉంది, తలుపు మాత్రం రెండో అంచు నుంచి ఊడొచ్చింది. సందులోంచి వడ్రంగి మొహం తొంగి చూసింది.

“దొరికాడు,” అంది రచయిత్రి ఆనందం పట్టలేక. “చంపింది వడ్రంగి.”

అతని మొహం చిన్నబోయింది. బందుల్లోంచి ఊడదీసిన శీలల్ని కాసేపు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

“సరే, రాసుకోండి,” అన్నాడు చివరికి. “కానీ వెళ్ళేముందు తలుపుని ఒక్క గీత పడకుండా మళ్ళీ బిగించాడని కూడా రాయండి. మా ఆవిడ చదువుతుంది.”