మడమ మీద తన్ను

"ఎందుకు తన్నారు మామయ్యగారూ?"

షటిల్ కోర్టు నడిమధ్య కూలబడి, ఎడమ మడమ రెండు చేతులా పట్టుకుని, కొత్త అల్లుడు వెనక్కి తిరిగి అరిచాడు. నెట్ దగ్గర పడబోతున్న కాక్ కోసం ఒక్క ఉదుటున ముందుకురికాడు. ఫట్‌మని చప్పుడు. అంతే, కూలిపోయాడు. అవతలి జోడీ రాకెట్లు దించేసి గుడ్లప్పగించి చూస్తున్నారు.

అతని జోడీగా ఆడుతున్న మామగారికి కుడికాలు కాస్త ఈడ్పు. అందుకని ఎప్పుడూ వెనక వైపే ఆడతారు. ఆయన నిలుచున్నచోటే బిగుసుకుపోయారు.

"నేనా? తన్నానా? నీకూ నాకూ మధ్య మంచం పట్టేంత చోటుంది కదయ్యా!"

"మడమ మీద ఎవరో ఫెడేల్మని తన్నారండీ. నా వెనకున్నది మీరొక్కరే."

ఆయన కూతురి వైపు తిరిగారు. "పండూ, స్కోరు రాస్తున్నది నువ్వేగా. చెప్పు, నేను తన్నానా?"

పండుకి పెళ్ళయి రెండున్నర నెలలు. ఆ క్షణాన ఆమె కళ్ళు మొగుడి మెడ వెనక చెమటకి అతుక్కున్న ఉంగరాల జుట్టు మీదున్నాయి. కాక్ ఎటు పోయిందో, నాన్న ఎక్కడున్నారో చూస్తేగా! చేతిలో కాగితం మీద స్కోరు బదులు ఓ పువ్వు బొమ్మ ఉంది.

"నేను... సరిగ్గా చూళ్ళేదు నాన్నా."

"అంటే, తన్ని ఉండొచ్చంటావు." నాన్న రాకెట్ బెంచీ మీద పడేశారు. "అల్లుణ్ణి తన్నే మనిషిలా కనిపించానన్నమాట మీ ఇద్దరికీ. ఇక మీ ఇంటి గుమ్మం తొక్కితే ఒట్టు!"

మంచినీళ్ళ సీసాతో అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏమిటండీ ఆ మాటలు? తోడబుట్టినవాడితో పద్దెనిమిదేళ్ళుగా మాటల్లేవు. ఆ పంతం ఒకటి చాలదూ? ఇప్పుడు అల్లుడు కూడానా?"

"వాడి ఊసెత్తకు!"

ఊహ తెలిశాక బాబాయిని పండు ఫొటోలో తప్ప ఎరగదు. ఎందుకు చెడిందని అడిగితే ఇంట్లో ఎవరూ పెదవి విప్పరు. పెళ్ళికి కూడా పిలుపు వెళ్ళలేదు. నాన్న అలక అంటే అదీ. వచ్చే ఆదివారం అమ్మానాన్నలు మొదటిసారి తన ఇంటికి భోజనానికొస్తారని నీలం అంచు కంచాలు నాలుగు కొని, రోజూ తీసి తుడిచి మళ్ళీ పెడుతోంది. అందులో రెండు ఇక పద్దెనిమిదేళ్ళు అలమరలోనే ఉంటాయేమో!

ఈలోగా క్లబ్బు ఫిజియో మేడం ఐసు సంచీతో వచ్చి అల్లుణ్ణి బోర్లా పడుకోమంది. కుడి పిక్క పట్టి నొక్కింది. పాదం చేపతోకలా కదిలింది. ఎడమ పిక్క నొక్కింది. పాదం ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ నొక్కింది. ఊహూ.

"ఎవరూ తన్నలేదండీ. పిక్కని మడమకి కట్టి ఉంచే తాడుంటుంది, అకిలిస్ టెండన్ అంటాం. అది తెగింది. తెగినప్పుడు అచ్చం వెనక నుంచి తన్నినట్టే ఉంటుంది. వెనక గోడ తప్ప ఏమీ లేనివాళ్ళు కూడా తిరిగి చూసి తిడతారు."

అల్లుడు నాలిక కరుచుకున్నాడు.

"వార్మప్ చేశారా?"

"ఆలస్యమైందని..."

"వారానికి ఎన్నిసార్లు ఆడతారు?"

"ఆదివారమేనండీ. మిగతా రోజులు కుర్చీకే అంకితం."

"పొద్దున లేవగానే మడమ బిగుసుకుపోతోందా?"

అల్లుడు తలూపాడు. పండు నోరు వెళ్ళబెట్టింది. "అందుకా రోజూ గోడ పట్టుకుని అడుగులో అడుగేస్తూ వెళ్ళేది? నా నిద్ర పాడవకూడదనేమోనని నేను మురిసిపోతుంటే!"

అంత బాధలోనూ అతనికి నవ్వొచ్చింది.

"ఆ బిగుతే హెచ్చరిక," అంది ఫిజియో. "అప్పుడే చూపించుకుని, కొన్నాళ్ళు గెంతులు మాని, మెట్టు అంచున నిలబడి మడమలు మెల్లగా దించుతూ లేపుతూ పిక్కలకి బలం తెచ్చుకుని ఉంటే ఇంతదాకా రాకపోయేదేమో. సరే, ఆ కాలు కింద పెట్టకండి. ఆస్పత్రికి పదండి."

"మామయ్యగారూ, తప్పయిపోయింది," అన్నాడు అల్లుడు. "మీ మీద నింద వేశాను."

నాన్న వినిపించుకోలేదు. అల్లుడి పాదం వైపే చూస్తున్నారు. చెయ్యి తన కుడి పిక్క మీదికి పోయింది.

"అమ్మా," ఫిజియోని అడిగారు, "అందరికీ ఇలాగే అనిపిస్తుందా?"

"నేను చూసినవాళ్ళలో చాలామంది ఇదే మాట అన్నారండీ."

ఆయన అమ్మ ముందు చెయ్యి చాచారు. "నీ ఫోనివ్వు." తీసుకుని, కాలీడ్చుకుంటూ, ఎవరితోనూ మాట్లాడకుండా హాల్లోంచి బయటికి వెళ్ళిపోయారు.

కోపం పోలేదు! పండు చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడింది. బ్రతిమాలాలి, కాళ్ళావేళ్ళా పడైనా ఒప్పించాలి.

నాన్న గుమ్మం పక్కన, బూట్లు పెట్టే అర దగ్గర, గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. ఫోను చెవికి గట్టిగా అదుముకున్నారు.

"చిన్నోడా, నేనురా, అన్నయ్యని... పెట్టెయ్యకురా... ఆ రోజు ఆటలో నువ్వు నన్ను తన్నలేదురా!"