సున్నం గీత

"చెయ్యి తియ్యి మల్లయ్యా. ఎవర్నడిగి గీశావు నా చెట్టు మీద?"

పంచాయతీ నౌకరు మల్లయ్య కుంచె పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడిపోయాడు. అప్పటికే మామిడి మొదలు మీద జానెడు వెడల్పున సున్నం గీత పడింది. ఇంకా తడి ఆరలేదు.

"అది కాదండి అమ్మగారూ, ఈ గీతేంటంటే..."

"నువ్వు నాకు చెప్పేవాడివయ్యావా? గీతంటే ఏంటో నాకు తెలీదా?"

తులసమ్మ ముందు ఎవరూ మాట పూర్తి చేసిన పాపాన పోలేదు. ఆగిరిపల్లి అవతల వాగు పొడవునా ఆమె తోట ఉంది. ఆమె నోరు అంతకన్నా పొడవు. మల్లయ్య కుంచెను సున్నం బకెట్లో పెట్టాడు.

గీతంటే ఏమిటో ఆ మామిడి తోటల్లో పుట్టిన పసిపిల్లలకు కూడా తెలుసు. ముసలి చెట్టును కలపకు కొనుక్కున్నవాడు బేరం కుదిరిన రోజే మొదలు మీద సున్నంతో అడ్డగీత కొట్టి పోతాడు. గీత పడిందంటే ఆ చెట్టుకు నూకలు చెల్లినట్టే. నాలుగో రోజుకు గొడ్డళ్ళు వస్తాయి.

వాగు గట్టు మీద బాట వేస్తామని పంచాయతీ తీర్మానం చేసి నెలయింది. సైకిళ్ళు, ఎడ్లబళ్ళు, నడిచేవాళ్ళు, అందరికీ ఒకటే బాటట. లారీలు మాత్రం రాకూడదట. మీటింగుకు రమ్మని ప్రెసిడెంటు మనిషిని పంపినా తులసమ్మ పోలేదు. తను పోకపోతే మీటింగే జరగదనుకుంది. జరిగింది.

గట్టు మిగతా చోట్ల వెడల్పే, ఇక్కడే ఇరుకు. ఇటు తులసమ్మ పెద్దరసం చెట్టు. అటు, ఆమె తోటలోనే కూలికి వచ్చే నాగమణి గుడిసె ముందు ఒక పీచు మామిడి. రెంటి మధ్య బండి పట్టదు. ఏదో ఒకటి పోవలసిందే.

గట్టు సర్కారుదే కావచ్చు, చెట్టు మాత్రం తనది. తోటలో ఉన్న నూట పాతిక చెట్లకూ అంట్లు కట్టింది దాని కొమ్మల నుంచే. కాపురానికి వచ్చిన ఏడాది వాగులోంచి బిందెలతో నీళ్ళు మోసి దాన్ని బతికించింది ఆమే. కడుపున పుట్టిన పిల్ల మీద గీత గీసినట్టుంది తులసమ్మకు.

"పోయి అన్నం తినిరా" అంది కాసేపటికి, మెత్తగా. ఆమె మెత్తగా మాట్లాడటం ఎన్నడూ వినని మల్లయ్య భయపడి, బకెట్టూ కుంచే అక్కడే వదిలేసి వెళ్ళాడు.

ఎండ నెత్తిన మండుతోంది. గట్టు మీద మనిషి అలికిడి లేదు. తులసమ్మ చెంగు దోపి, కొబ్బరి పీచు వాగులో తడుపుకొచ్చి గీతను తోమింది. మచ్చ కూడా మిగల్లేదు. తర్వాత కుంచె తీసుకుని అవతలికి నడిచి, నాగమణి చెట్టుకు అంతే ఎత్తున, అంతే గీత గీసింది.

తల తిప్పేసరికి గుడిసె తడిక సందులోంచి రెండు కళ్ళు. నాగమణి. అరవలేదు, బయటికి రాలేదు. తడిక మెల్లగా మూసుకుంది.

తులసమ్మ కుంచె తెచ్చి బకెట్లో పడేసింది. చూస్తే చూసింది, ఏం చేస్తుంది అనుకుంది. తిరిగొచ్చిన మల్లయ్య ఈ చెట్టునూ ఆ చెట్టునూ మార్చి మార్చి చూసి నోరు తెరవబోతే, బకెట్టు తీసుకుని నడవమంది. అతను ఆమెకేసి వింతగా చూశాడు. దణ్ణం పెట్టి మరీ పోయాడు. ఆ దణ్ణం ఎందుకో ఆమెకు బోధపడలేదు.

మర్నాడు నాగమణి పనిలోకి రాదనుకుంది. అందరికన్నా ముందే వచ్చింది. ఎవరూ చెప్పకుండానే పాదులు తవ్వింది, ఎండుటాకులు ఊడ్చింది. పొద్దువాలే వేళ ఎదురొచ్చి "అమ్మగారండీ, ఆ గీత..." అని మొదలుపెట్టింది. పని చూసుకుని పొమ్మంది తులసమ్మ. మూడో రోజూ అదే మాట, అదే జవాబు. తిట్టిపోసినా బాగుండును. ఆ ఓపిక, ఆ రెప్పవేయని చూపు చూస్తే భయమేసింది. దీని మనసులో ఏదో ఉంది అనుకుంది. అన్నం సహించలేదు. నాగమణి ముంచి ఇచ్చిన మంచినీళ్ళు తాగకుండా చెట్టు మొదట్లో పారబోసింది.

నాలుగో రోజు పొద్దున్నే గొడ్డళ్ళ చప్పుడు. విస్సన్నపేట నుంచి వచ్చిన మనుషులు గట్టు పొడవునా చెట్లు కొట్టుకుంటూ వస్తున్నారు. తులసమ్మ అటు పోలేదు. నాగమణి ఏడుపు చూడలేక ఇంటి వాకిట్లో మంచం మీదే కూర్చుంది. ఒక్కొక్క దెబ్బా దగ్గరవుతోంది. ఇరుకు దగ్గరికొచ్చి చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి చాలాసేపు కొట్టారు. ఆ పీచు మామిడి ఇంత గట్టిదా అనుకుంది. చివరికి నేల అదిరేలా చెట్టు కూలింది. కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి.

అయిపోయింది. తన చెట్టు దక్కింది. గుండెల మీంచి బరువు దిగుతుందనుకుంది గాని దిగలేదు.

గేటు తోసుకుని నాగమణి పరుగెత్తుకొచ్చింది. కొప్పు ఊడిపోయింది, మొహం నిండా కన్నీళ్ళు. తులసమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. శాపనార్థాలు పెడితే పెట్టనీ, ఈ ఒక్కసారికి పడదాం అనుకుంది. నాగమణి ఒక్క ఊపున వచ్చి ఆమె కాళ్ళ మీద పడింది. మొట్టమొదటిసారి తులసమ్మ ఆమె మాటకు అడ్డు రాలేదు.

"పంచాయతీ గీతలు కొట్టకుండా నీడకి ఉంచే చెట్లకని తెలిసి కూడా, మీ చెట్టుకున్న గీత చెరిపి నా చెట్టుకి గీశారు గదండీ అమ్మగారూ... కన్నబిడ్డలాంటి చెట్టుని నా కోసం కొట్టించేసుకున్నారు గదండీ."